ఒక రౌటర్ మీద ఎన్ని ఇంటర్‌ఫేస్‌లు పెట్టొచ్చు?

బ్రాడీపేట నెట్:
అన్నా, గుంటూరులో 340 ఇళ్లకి నెట్ ఇస్తున్నా. అన్నీ ఒకే లాన్‌లో (ఒకే ఉమ్మడి నెట్‌వర్క్‌లో) ఉన్నాయి. ఎవరో ఒకరు వైఫై డబ్బాలో వైరు తప్పు పోర్టుకి పెడితే చాలు, లైన్ మొత్తానికి ఆ డబ్బానే ఐపీ అడ్రస్‌లు పంచేస్తోంది, నెట్ రాక రాత్రి పన్నెండింటికి కూడా ఫోన్లే. అందుకని ఇంటికో వీలాన్ (అదే వైర్ల మీద విడిగా నడిచే లాన్) పెట్టి, దాని మీద పీపీపీఓఈ (ఇంటింటికీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్) పెడదామని ఉంది. ఇంటికి రెండు చొప్పున మొత్తం 680 ఇంటర్‌ఫేస్‌లు (రౌటర్‌లో ఒక్కో కనెక్షన్‌కి ఉండే ద్వారాలు) అవుతాయి. మైక్రోటిక్ రౌటర్ ఒక్కటే ఉంది, తట్టుకుంటుందా?

పటమట కుర్రాడు:
వీలాన్ నంబర్ 12 బిట్లు కాబట్టి 4094 దాకా పెట్టుకోవచ్చు, అక్కడ ఇబ్బంది లేదు. ముందు మైక్రోటిక్ లైసెన్స్ చూసుకోండి. లెవెల్ 4 అయితే పీపీపీఓఈ కనెక్షన్లు 200 దగ్గర ఆగిపోతాయి, లెవెల్ 5కి 500.

బెజవాడ కేబుల్:
తమ్ముడూ, ఇంటర్‌ఫేస్‌లు ఊరికే ఉంటే బరువు కాదు, అన్నీ ఒకేసారి పని అడిగితేనే బరువు. నా దగ్గర 900 కనెక్షన్లు ఒకే రౌటర్ డబ్బా మీద నెలల తరబడి హాయిగా నడిచాయి. మే నెలలో ఒకరోజు కరెంటు పోయి వచ్చింది, అంతే, అందరూ ఒక్కసారే లాగిన్‌కి వచ్చారు, ఒక్కొక్కరికి రేడియస్‌ని (లాగిన్ సరిచూసే సర్వర్‌ని) అడగాలి, క్యూ (స్పీడు హద్దు) తయారుచేయాలి, రూట్ (ఆ ఇంటికి దారి) వేయాలి, సీపీయూ 100కి వెళ్లి సగంలో తెగిపోయినవాళ్లు మళ్లీ మొదటి నుంచి రావడం, గంటసేపు అదే గోల. పైగా ఒక్కో ఇంటి రూట్‌నీ ఓఎస్‌పీఎఫ్‌లో (రౌటర్లు దారులు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతిలో) పక్క రౌటర్లకి పంపేలా పెట్టాను, కనెక్షన్ పోయిన ప్రతిసారీ వాటికీ పనే. ఇప్పుడు ఐపీల పూల్ మొత్తాన్ని ఒకే బ్లాక్‌గా పంపుతున్నా, కనెక్షన్లు రెండు డబ్బాలకి పంచా.

అసలు నీకు ఇంటికో వీలాన్ ఎందుకు? పీపీపీఓఈ పెడితే ఇంటి డబ్బా ఐపీ కోసం డీహెచ్‌సీపీని (ఐపీలు పంచే సర్వీసుని) అడగదు, నీ బాధ అక్కడే సగం పోతుంది. స్విచ్‌కో (ఇళ్ల వైర్లు కలిసే పెట్టెకో) వీలాన్ పెట్టి, పోర్ట్ ఐసొలేషన్ ఆన్ చెయ్, ఒక ఇంటి మాట పక్కింటికి వెళ్లదు.

బ్రాడీపేట నెట్:
స్విచ్‌లు 14 అన్నా, అంటే 340 పీపీపీఓఈలతో కలిపి 354తో అయిపోతుంది! లైసెన్స్ మాత్రం లెవెల్ 4, మార్చాలి. ఆదివారం పొద్దున ఒక్క స్విచ్‌తో మొదలుపెడతా.

బెజవాడ కేబుల్:
మంచిది. రాత్రి తొమ్మిదింటికి సీపీయూ చూడు, మొత్తం కాదు, ఒక్కో కోర్ విడిగా. నాలుగు కోర్ల డబ్బాలో 25 శాతం అని చూపించినా ఒక కోర్ నిండిపోయి ఉండొచ్చు.