ఖాళీ గొట్టంలో 38 వచ్చింది: ప్లేటు మొత్తం రద్దు చేయాలా?

అరండల్‌పేట పద్మ
నిన్న మా ల్యాబులో జరిగింది చెబుతాను. పిల్లల మలం నమూనాల్లో నులిపురుగుల డీఎన్ఏ ఉందో లేదో చూసే పీసీఆర్ ప్లేటు పెట్టాం. నమూనా ఏమీ వేయకుండా, డీఎన్ఏ తీసే మొదటి దశ నుంచీ మిగతావాటితో పాటే నడిపే ఖాళీ గొట్టం ఒకటి ఉంటుంది కదా, అందులో ఏమీ రాకూడదు. కానీ ఏలికపాము డీఎన్ఏ ఉన్నట్టు చూపే గీత 38వ సైకిల్‌లో లేచింది. మొత్తం 40 సైకిళ్ళు. డీఎన్ఏ ఎంత ఎక్కువుంటే గీత అంత ముందు సైకిల్‌లో లేస్తుంది. ప్లేటు రద్దు చేసి మలం దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాలన్నాను. ‘38 అంటే లేనట్టే, రిపోర్టులు పంపించు’ అన్నారు మా పైవారు. మీరేమంటారు?

రాత్రి షిఫ్టు, బెజవాడ
ప్రతి సైకిల్‌కూ డీఎన్ఏ రెట్టింపవుతుంది. ఉదాహరణకు 22లో లేచిన నమూనాకూ 38లో లేచిన మీ ఖాళీకీ మధ్య 16 రెట్టింపులు, అంటే 65 వేల రెట్లకు పైగా తేడా. ఆ ఖాళీలో పడిన పిసరు వల్ల పిల్లవాడు పాజిటివ్ అయ్యాడంటే లెక్క కుదరదు. 22 వచ్చినవి ఇచ్చేయండి, 35 దాటినవి మాత్రం ఆపి మళ్ళీ చేయండి.

మిర్చియార్డు
ఆల్బెండజోల్ మాత్ర ఒకటి మింగిస్తే పోయేదానికి ఇంత గొడవ ఎందుకండీ?

అరండల్‌పేట పద్మ
దేశంలో 2015లో మొదలుపెట్టి ఫిబ్రవరి 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో మాత్రలు ఇస్తున్నారు. వాటివల్ల పురుగులు తగ్గాయో లేదో తేల్చేది ఈ పరీక్షలే. వేలూరు సీఎంసీ వారు పాల్గొన్న డీవార్మ్3 అధ్యయనంలోనూ పీసీఆర్‌తోనే చూశారు. పురుగులు తగ్గేకొద్దీ మిగిలేవి చిన్న మోతాదులే. అవి లేచేది 35, 36ల్లోనే. అక్కడ ఖాళీ గొట్టం శుభ్రంగా లేకపోతే మన సంఖ్యలకు విలువ లేదు.

రాత్రి షిఫ్టు గారూ, నమూనాల నుంచి ఎగిరే తుంపర, వానలాగా అన్ని గొట్టాల మీదా సమానంగా పడదు. ఏలికపాము గుడ్డు పెంకు గట్టిది కాబట్టి సన్న పూసలు వేసి గట్టిగా కుదుపుతాం. ఆ తర్వాత మూత తీసేటప్పుడు ఒక్క చుక్క ఎగిరి పక్క గొట్టంలో పడితే అక్కడ 26 రావచ్చు, ఖాళీలో 38 రావచ్చు. ఖాళీ గొట్టం తనలో ఏం పడిందో చెబుతుంది కానీ పక్కదానిలో ఏం పడిందో చెప్పదు.

రాత్రి షిఫ్టు, బెజవాడ
నేను 22 గురించి అడిగితే మీరు 26 గురించి చెబుతున్నారు. 65 వేల రెట్ల సంగతి తేల్చండి. అయినా దాచిన డీఎన్ఏ ఫ్రీజరులో ఉంటుంది, దాన్నే మళ్ళీ పెట్టుకోవచ్చు. మలం దాకా ఎందుకు వెళ్ళాలి?

సూక్ష్మదర్శి
31 ఏళ్ళు మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. కాటో–కాట్జ్ స్లైడులో పట్టేది 41.7 మిల్లీగ్రాముల మలం. గుడ్లు లెక్కపెట్టి 24తో హెచ్చిస్తే గ్రాముకు ఎన్నో తెలుస్తుంది. గంట దాటితే కొంకిపురుగు (హుక్‌వార్మ్) గుడ్డు కరిగి మాయమవుతుందని మధ్యాహ్నం భోజనం మానేసి చూసిన రోజులు ఉన్నాయి. మీ యంత్రం వచ్చిన వారానికే నా మైక్రోస్కోపును బీరువాలో పెట్టి తాళం వేశారు. అనుమానం ఉన్నప్పుడు స్లైడు వేసి చూడమ్మా.

అరండల్‌పేట పద్మ
మాస్టారూ, ఆ స్లైడుకు తాజా మలం కావాలి. మావన్నీ ఆల్కహాలులో దాచినవి.
రాత్రి షిఫ్టు గారూ, నేను మొదటే రాశాను. అది చివర్లో పీసీఆర్ ప్లేటులో డీఎన్ఏ బదులు నీళ్ళు వేసి పెట్టే గడి కాదు, డీఎన్ఏ తీసేటప్పటి ఖాళీ. నీళ్ళ గడి శుభ్రంగానే ఉంది. అంటే తుంపర పడింది డీఎన్ఏ తీసే దశలోనే. ఫ్రీజరులో ఉన్న డీఎన్ఏలోనే కల్తీ ఉంటే దాన్ని పదిసార్లు పెట్టినా అదే వస్తుంది.

కృష్ణలంక వాణి
మీరంతా లేనిది ఉన్నట్టు రావడం గురించి మాట్లాడుతున్నారు. మా పాపకు రక్తం తగ్గి ముఖం పాలిపోతే పరీక్ష చేయించాం. పురుగు లేదని రాసిచ్చారు. రెండు నెలల తర్వాత ఇంకో చోట కొంకిపురుగు గుడ్లు కనిపించాయి. దానికి ఏ ఖాళీ గొట్టం ఉంది?

రాత్రి షిఫ్టు, బెజవాడ
ఉందమ్మా. పురుగుతో సంబంధం లేని డీఎన్ఏను తెలిసిన మోతాదులో ప్రతి నమూనాలో కలుపుతాం. అది కూడా లేవకపోయినా, బాగా ఆలస్యంగా లేచినా, మలంలోని పదార్థమేదో ప్రతిచర్యను అడ్డుకుంటోందని అర్థం. అప్పుడు ‘పురుగు లేదు’ అని రాయకూడదు. పది రెట్లు పలుచన చేసి మళ్ళీ చూడాలి. ఇంకొకటి, ఏ పురుగు కోసం వెతికితే ఆ పురుగే దొరుకుతుంది. పాప రిపోర్టులో కొంకిపురుగు పేరు ఉందో లేదో చూడండి.

కృష్ణలంక వాణి
ఇప్పుడే తీసి చూశాను. ఏలికపాము పేరు ఒక్కటే ఉంది. కింద ‘నెగెటివ్’ అని పెద్ద అక్షరాలు.

అరండల్‌పేట పద్మ
చూశారా? రిపోర్టు త్వరగా చేతిలో పెట్టాలన్న ఆత్రం చేసే పని ఇది. రాత్రి షిఫ్టు గారూ, మీరు కాపాడుతున్నది ప్లేటు ఖర్చును. అంతే.

రాత్రి షిఫ్టు, బెజవాడ
ఆ మాట వెనక్కి తీసుకోండి. నేనూ ఒకసారి మీలాగే ప్లేటు మొత్తం రద్దు చేశాను. అవి మిరప కోతలకు వచ్చిన కూలీల పిల్లల నమూనాలు. మలం మిగల్లేదు, మళ్ళీ తెమ్మని ఫోన్లు చేశాం. అప్పటికి కోతలు అయిపోయాయి. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, ఎవరూ ఎత్తలేదు. అందులో ఒక అబ్బాయికి 21 వచ్చింది. కింది రెప్ప లాగి చూస్తే సుద్దలా తెల్లగా ఉందని నమూనా తెచ్చిన ఆశా కార్యకర్త చీటీ మీద రాసింది. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ పిల్లవాడికి మా కాగితం ఏదీ అందలేదు. ఖర్చు అంటారా?

అరండల్‌పేట పద్మ
వెనక్కి తీసుకుంటున్నాను. క్షమించండి. నేనూ అసలు సంగతి రాయలేదు. నిన్న పంపించమన్నది రిపోర్టులు మాత్రమే కాదు. షీటులో ఖాళీ గొట్టం వరుసను తీసేసి పంపమన్నారు. కింద సంతకం నాది.

రాత్రి షిఫ్టు, బెజవాడ
అది మొదటే చెప్పాల్సింది. ఆ వరుస తీయకూడదు. 38 కాదు, 39.9 వచ్చినా తీయకూడదు. తీశాక నా 65 వేల లెక్క వేయడానికి కూడా ఏమీ మిగలదు. కానీ 22 వచ్చినవాటిని ఆపడానికి నేను ఇప్పటికీ ఒప్పుకోను. ‘కంట్రోల్‌లో (ఖాళీ గొట్టంలో) సంకేతం వచ్చింది, తాత్కాలిక ఫలితం, మళ్ళీ పరీక్షిస్తున్నాం’ అని రాసి డాక్టరుకు పంపండి.

అరండల్‌పేట పద్మ
తాత్కాలికం అన్న మాటను ఎవరు చదువుతారండీ? పాజిటివ్ అన్న మాటే చూస్తారు.

కృష్ణలంక వాణి
నేను చదివేదాన్ని. అలా రాసి ఉంటే మర్నాడే నమూనా తెచ్చిచ్చేదాన్ని.

సూక్ష్మదర్శి
వాణి గారూ, ఈసారి ఇస్తే ఉదయమే తాజాగా ఇచ్చి, గంటలోపు చూడమని అడగండి.

అరండల్‌పేట పద్మ
వరుస తీయలేదు. జరిగింది తేదీ, సమయంతో లాగ్‌బుక్కులో రాశాను. 11 నమూనాల్లో మలం మిగిలింది. వాటికి ఇప్పుడే పూసలు వేస్తున్నాను. ఈసారి రెండు ఖాళీలు, ఒకటి మొదట్లో, ఒకటి మధ్యలో. మలం మిగలనివాటి సంగతి రేపు డాక్టరు గారిని అడిగి రాస్తాను.

రాత్రి షిఫ్టు, బెజవాడ
కుదిపాక మూతలు వెంటనే తీయకండి. ఒక నిమిషం సెంట్రిఫ్యూజులో తిప్పి, తుంపర కిందికి దిగాక తీయండి.