ఆట ముగిశాక వచ్చే వంతు: అదనపుదా, కొసరుదా?

ప్రశ్న: సభ్యులందరికీ నమస్కారం. బల్ల మీది దొంతరల నుంచి ముక్కలు కొంటూ ఆడే డొమీనియన్ అనే ముక్కలాట నియమాలను మా పిల్లల కోసం తెలుగులో రాస్తున్నాను. 2008లో వచ్చిన ఆ ఆటలో ప్రావిన్స్ ముక్కల దొంతర ఖాళీ అయినా, ఇద్దరు నుంచి నలుగురు ఆడేటప్పుడు ఏవైనా మూడు దొంతరలు ఖాళీ అయినా, అప్పుడు నడుస్తున్న వంతు పూర్తికాగానే ఆట ముగుస్తుంది. 2009 నాటి సీసైడ్ అనే అనుబంధంలోని ఔట్‌పోస్ట్ ముక్క వేసినవారు వెంటనే మరొకసారి ఆడతారు గాని, అప్పుడు చేతిలోకి అయిదుకు బదులు మూడు ముక్కలే వస్తాయి. 2018లో వచ్చిన రెనైసాన్స్ అనే మరో అనుబంధంలోని ఫ్లీట్ మాత్రం, దాన్ని కొన్నవారికి ఆట ముగిసిన తరువాత తలా ఒక్కసారి ఆడే అవకాశమిస్తుంది. రెండింటికీ ‘అదనపు వంతు’ అనే రాశాను. పోయిన ఆదివారం మా అబ్బాయి ఔట్‌పోస్ట్ వేసి, అదే వంతులో చివరి ప్రావిన్స్ కొని, తనకింకా ఒక అదనపు వంతు ఉందని నేను రాసిన కాగితమే చూపించాడు. తప్పు వాడిదా, నా మాటదా?

సమాధానం: మాటదేనండి. ‘అదనపు’ అన్నది లెక్క పెరిగిందని చెబుతుంది గాని, ఆ పెరిగినది ఎక్కడ చేరుతుందో చెప్పదు. ఔట్‌పోస్ట్‌కు నేనైతే ‘మరువంతు’ అని రాస్తాను. మరునాడు, మరునిమిషం అన్నప్పుడు ముందున్నదాన్ని అంటిపెట్టుకుని వెంటనే వచ్చేదే మన మనసులో మెదులుతుంది. ఈ వంతుతోనే ఆట ముగిసిపోతే ఇక మరువంతు ఉండదన్న సంగతి పిల్లవాడికి మాటలోనే అందుతుంది.

ఫ్లీట్‌కు ‘కొసరు’ సరిపోతుందని నా అభిప్రాయం. కూరగాయలు తూచి, తక్కెడ దించి, సంచిలో పోసేశాక కొట్టువాడు పైన పడేసే కరివేపాకు రెమ్మ కొసరు. తూకం నడుస్తున్నంతసేపు దానికి చోటు లేదు. మన రమ్మీలో ఇలాంటిదేమీ లేదు. ఒకరు సరిగా షో చేశారంటే మిగిలినవారు చేతిలోని ముక్కలను కలుపుకుని కౌంటు చెప్పవలసిందే తప్ప, ఇంకొక ముక్క లాగే హక్కు ఎవరికీ ఉండదు.

మరొక సభ్యురాలు: కొసరు ఊరికే వచ్చేది కదండీ; ఫ్లీట్‌ను అయిదు నాణేలు పెట్టి కొనాలి. పైగా కరివేపాకు రెమ్మతో కూరగాయల ధర మారదు గాని, ఫ్లీట్ వంతులో గెలుపోటములే తారుమారు కావచ్చు.

సమాధానం: రెండో అభ్యంతరం బలమైనదే, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మొదటిది మాత్రం నాకే అనుకూలం, ఎందుకంటే బేరం చేయనివారికి కొసరు ఎవరూ ఇవ్వరు. కొసరుకు బదులు ‘చివరి చుట్టు’ అంటే అది ఆటలో భాగమనీ, అందరిదీ అనీ అనిపిస్తుంది. అయితే ‘చివరి’ వద్దన్నా, ఇక్కడ ‘వంతు’ కన్నా ‘చుట్టు’ మేలు. వంతు ఒక్కరిది, చుట్టు బల్ల చుట్టూ తిరిగేది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. కాగితం ఇలా మార్చాను: ‘ఆట ముగిశాక, ఫ్లీట్ కొన్నవారికి మాత్రమే ఒక కొసరు చుట్టు ఉంటుంది, అది కాగానే, దొంతరలు ఎలా ఉన్నా, పాయింట్లు లెక్కించాలి.’ మా అబ్బాయి చదివి, ఆదివారం ఆటను కూడా ఈ కాగితం ప్రకారమే లెక్కించాలా అని అడుగుతున్నాడు.