గోడా, కంచెనా? ‘వాల్ ఆఫ్ సెపరేషన్’కి తెలుగు

ప్రశ్న:
అమెరికా రాజకీయాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ ‘వాల్ ఆఫ్ సెపరేషన్’ దగ్గర ఆగిపోయాను. ‘వేర్పాటు గోడ’ అంటే వేర్పాటువాదం వాసనొస్తోంది. ‘అడ్డుగోడ’ అంటే తిట్టినట్టుంది. పెద్దలెవరైనా చెప్పండి.

జవాబు:
‘అడ్డుగోడ’ వద్దండీ, మనవాళ్లకి అది కూలగొట్టాల్సిన వస్తువు. ‘మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ’ అని విప్పి రాసేయండి, సరిపోతుంది.

జవాబు:
సరిపోతుంది గానీ, ఆ గోడ అడిగిందెవరో కూడా వ్యాసంలో ఒక వాక్యం పడితే బాగుంటుంది. దేవుణ్ణి నమ్మనివాళ్లు పెట్టిన షరతు అనుకుంటారు చాలామంది. కాదు. కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులు అప్పటి అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్‌కి మొర పెట్టుకుంటే, ఆయన 1802 జనవరి 1న జవాబు రాస్తూ ఆ మాట వాడాడు. ఆ రాష్ట్రంలో అప్పటికి కాంగ్రిగేషనల్ చర్చిది సర్కారీ హోదా, 1818 దాకా పోలేదు. మాకున్న మతస్వేచ్ఛ రాష్ట్రం దయతలచి ఇచ్చినట్టుంది తప్ప హక్కులా లేదన్నది బాప్టిస్టుల గోడు. రాజ్యాంగంలో ఈ ‘గోడ’ ఎక్కడా లేదు. ఏ మతాన్నీ సర్కారీ మతం చేయకూడదు, ఎవరి మతాన్నీ అడ్డుకోకూడదు అనే 1791 నాటి మొదటి సవరణకి జెఫర్సన్ చెప్పిన భాష్యం అది.

అదే రోజు మసాచుసెట్స్‌లోని చెషైర్ బాప్టిస్టులు ఆయనకి 1,235 పౌన్ల జున్నుచక్క ఒకటి కానుకగా అందించారు. మన లెక్కలో 560 కిలోలు! తెచ్చిన పాస్టర్ జాన్ లేలండ్ ఆ ఆదివారం ప్రతినిధుల సభలోనే ప్రసంగం చేస్తే జెఫర్సన్ వెళ్లి కూర్చుని విన్నాడు. గోడ కట్టి మూడు రోజులు కాలేదు మరి.

అసలు ఈ ఉపమానం ఆయనకన్నా పాతది. 1644లో రోడ్ ఐలండ్ వలసను స్థాపించిన మతబోధకుడు రోజర్ విలియమ్స్ ‘కంచె లేదా గోడ’ అన్నాడు. చర్చి తోట, లోకం అడవి, మధ్యలో కంచె. ఆయన భయమంతా తోట గురించే, అధికారం చొరబడితే భక్తి పాడవుతుందని. అంచేత విలియమ్స్ పేరొచ్చిన చోట ‘కంచె’ అనే రాయండి, తెలుగులో అచ్చంగా అతుకుతుంది. ‘కంచే చేను మేస్తే’ మాత్రం లాక్కురాకండి. మన సామెతలో కంచే దొంగ.

జవాబు:
బాప్టిస్టులంటే మా ఒంగోలు గుర్తొచ్చింది. అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషను జాన్ క్లౌ దొర 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని సర్కారు నుంచి కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజులో 2,222 మందికి ఇచ్చారు. మా వైపు ఆ అంకె చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ అందరికీ. ఇంకొక్కటి. 1947లో అమెరికా సుప్రీంకోర్టు ఎవర్సన్ కేసులో జస్టిస్ హ్యూగో బ్లాక్ ఆ గోడ ‘హై అండ్ ఇంప్రెగ్నబుల్’గా ఉండాలన్నాడు. ‘దుర్భేద్యం’ అనేదా?

జవాబు:
దుర్భేద్యం కోటలకీ వ్యూహాలకీ పెట్టుకోండి. ‘ఎత్తుగా, ఎవరూ దాటలేనట్టుగా’ అంటే చాలు. ఆ పక్కనే తీర్పు ఫలితం కూడా రాయండి. క్యాథలిక్ బడులకెళ్లే పిల్లల బస్సు చార్జీలు ప్రజల సొమ్ములోంచి తల్లిదండ్రులకి తిరిగివ్వచ్చా అన్నది కేసు. గోడ గురించి అంత గట్టిగా రాసిన అదే బ్లాక్, అయిదు-నాలుగు తేడాతో, ఇవ్వచ్చన్నాడు. ఇది రాయకపోతే చదివేవాళ్లు తీర్పు తిరగేసి అర్థం చేసుకుంటారు.