లైబ్రరీలో ఉచిత తెలుగు సభ: పిల్లల్ని ఎలా రప్పించాలి?

మహేంద్రతనయ గట్టు: మాది పర్లాకిమిడి. మా పేట లైబ్రరీ హాలు ఆగస్టు 29 సాయంత్రం ఉచితంగా ఇస్తామన్నారు. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు కదా, ఆయన పాఠం చెప్పిన ఊళ్ళో చెయ్యకపోతే ఎలా? తంటా ఏంటంటే, పిల్లలు ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, అట్ట మీద పేరు చదవమంటే నా మొహం చూస్తారు. ఉపన్యాసం పెడితే ముసలాళ్ళమే మిగులుతాం.

బరంపురం అక్క: మైకూ దండలూ మానెయ్ తమ్ముడూ. మా దగ్గర సన్మానానికే గంట పట్టేది, పిల్లలు బిస్కట్ పేకట్టు పుచ్చుకుని జారుకునేవారు. కథ చదివించు, అదీ పదిహేను నిమిషాలే. గేటు మీద కాయితం రెండు లిపుల్లోనూ అంటించు. ఒడియా పిల్లలూ వస్తారు, రానీ.

రిటైర్డు మేస్టారు: గిడుగు వారి వాడుక భాష గొడవొక్కటే చెప్పకండి బాబూ. ఇక్కడి కొండల్లోని సవర గిరిజన పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని పూనుకున్నారాయన. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం అచ్చయింది. గుమ్మ వైపు నుంచి సవర మాట్లాడే పెద్దాయన్ని పిలిచి ఒక పాట పాడించండి. అన్నట్టు, 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిశాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ ముక్క మాత్రం నెమ్మదిగా చెప్పండి, హాలు ఇచ్చినవాళ్ళు నొచ్చుకోకూడదు.

మహేంద్రతనయ గట్టు: సవర పాట బాగుంది మేస్టారూ. అక్కా, బిస్కట్లు ముందివ్వాలా, ఆఖర్నా?

బరంపురం అక్క: ఆఖర్నే!