ఆశ వదులుకున్న మా అన్నను మళ్లీ కదిలించేదెలా?

మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అన్న తెలంగాణ రాష్ట్రం కోసం జరిగిన 2011 సకల జనుల సమ్మెలో రాత్రీ పగలూ తిరిగినవాడు. 'నీళ్లు, నిధులు, నియామకాలు' అనే ఉద్యమ నినాదం అంటే ప్రాణం పెట్టేవాడు. నియామకాల మీద ఆశ ముందే పోయింది. 2025 ఫిబ్రవరిలో, శ్రీశైలం నుంచి మా నల్లగొండ వైపు కృష్ణా నీళ్లు తేవాల్సిన ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలాక నీళ్ల మీదా పోయింది.

ఇప్పుడు టీవీలో వార్తలు రాగానే సౌండ్ తీసేస్తాడు. ఓటు మాటెత్తితే "ఎవరొస్తే ఏంది" అంటాడు. తిండి, నిద్ర, పొలం పని మామూలే. డాక్టర్ డిప్రెషన్ కాదన్నారు, నాకూ అలాగే అనిపిస్తోంది. పాత దోస్తులను పిలిపిస్తే వాళ్లదీ అదే పాట. ఫ్లోరైడ్ నీళ్ల బాధ తప్పి ఇంటికి భగీరథ నల్లా వచ్చింది కదా అని వాదిస్తే ఇంకా మండిపడ్డాడు. ఊరి చెరువు పనికి రమ్మంటే నవ్వి ఊరుకున్నాడు.

ఇలా నమ్మకం విరిగినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: మీ మనసు మళ్లీ ఒక పని మీదికి మళ్లడానికి ఏది పనికొచ్చింది?