ద్రోగ్బా మాటతో యుద్ధం నిజంగా ఆగిందా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు ఫుట్‌బాల్, రాజకీయాల గురించి ఒక పాఠం చెప్పాలి. ఒకచోట ఆగిపోయాను, సాయం కావాలి.

పశ్చిమ ఆఫ్రికా దేశమైన ఐవరీ కోస్ట్‌లో 2002లో అంతర్యుద్ధం మొదలై ఉత్తరం, దక్షిణంగా దేశం చీలిపోయింది. 2005 అక్టోబరులో సూడాన్‌ను ఓడించి ఆ దేశ ఫుట్‌బాల్ జట్టు తొలిసారి ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. వెంటనే డ్రెస్సింగ్ రూమ్‌లో జట్టు స్టార్ ఆటగాడు ద్రోగ్బా, తోటి ఆటగాళ్లు టీవీ కెమెరా ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆయుధాలు దించి ఎన్నికలు పెట్టమని వేడుకున్నారు. ఆ వీడియో చూసిన ప్రతిసారీ నాకు కళ్లు చెమరుస్తాయి. 2007 జూన్‌లో తిరుగుబాటుదారుల కేంద్రమైన బువాకేలోనే మడగాస్కర్‌తో ఆడి 5-0తో గెలిచారు.

ఆ వేడుకోలుతోనే యుద్ధం ఆగిందని చాలాచోట్ల చదివాను. కానీ బువాకే మ్యాచ్‌కు ముందే, 2007 మార్చిలో, పొరుగు దేశం బుర్కినా ఫాసో రాజధాని వాగడూగూలో శాంతి ఒప్పందం కుదిరింది కదా? పైగా 2010 ఎన్నికల తర్వాత మళ్లీ గొడవలు చెలరేగి సుమారు 3,000 మంది చనిపోయారు. పిల్లలకు లేనిది చెప్పలేను. అలాగని ఆ కుర్రాళ్ల ధైర్యాన్ని తక్కువ చేయడానికీ మనసు రావడం లేదు.

1978లో అర్జెంటీనా సైనిక ప్రభుత్వం ప్రపంచ కప్‌ను తన ప్రచారానికి వాడుకున్న సంగతి కూడా చెబుతాను, దాంట్లో సందేహం లేదు.

ఐవరీ కోస్ట్ విషయంలో ఆటగాళ్ల పాత్ర ఎంతవరకు? పశ్చిమ ఆఫ్రికాలో పనిచేసిన తెలుగువాళ్లు ఉంటే, అక్కడివాళ్లు దీన్ని ఎలా గుర్తు చేసుకుంటారో దయచేసి రాయండి. క్లాసు వచ్చే సోమవారమే.