వేసవి సెలవుల్లో పిల్లలతో తొలి సఫారీ: మసాయి మారానా, క్రూగరా?

కృష్ణాతీరం:
విజయవాడ నుంచి రాస్తున్నాను. మేము నలుగురం. అమ్మాయికి పద్నాలుగేళ్లు, అబ్బాయికి పదేళ్లు. ఆఫ్రికా అడవులు చూడాలని మూడేళ్లుగా నెలనెలా కొంత పక్కన పెడుతూ వచ్చాం. ఇప్పటికి ఎనిమిది లక్షలు చేరాయి. విమానం టికెట్లతో సహా అంతలోనే ముగించాలి. పిల్లల బడి వల్ల మే నెల తప్ప వేరే వీలు లేదు.

ఒక ట్రావెల్ ఏజెంటు కెన్యాకు ఏడు రోజుల ప్యాకేజీ చెప్పారు. మే నెలలో అన్నీ చవక అంటున్నారు. మా బావగారేమో దక్షిణాఫ్రికా వెళ్లి, కారు అద్దెకు తీసుకుని క్రూగర్ పార్కులో మీరే తిరగండి అంటున్నారు. అది మా ఆవిడకు నచ్చలేదు. సఫారీ అంటే కెన్యాలోని మసాయి మారాయేనని, అంత దూరం వెళ్లి డ్రైవింగ్ చేసుకుంటూ కూర్చోవడం ఏమిటని ఆమె ప్రశ్న. ఇద్దరి మాటలోనూ న్యాయం కనిపిస్తోంది. వెళ్లివచ్చినవారు చెప్పండి. ఏది మేలు? ప్యాకేజీ కాగితంలో కనిపించని ఖర్చులు ఎక్కడ తగులుతాయి?

అరణ్యయాత్రి:
మే నెల అన్నారు కాబట్టి నా ఓటు క్రూగర్‌కే. చవక ఎందుకో ఏజెంటు గారు చెప్పారా? కెన్యాలో మార్చి నుంచి మే దాకా పెద్ద వానల కాలం. మన వేసవి సెలవులు సరిగ్గా వాటిలోనే పడతాయి. మారా నేల చాలాచోట్ల నల్లరేగడి. గుంటూరులోనో ఆదిలాబాద్‌లోనో వాన వెలిశాక పొలంలోకి బండి దించినవారికి ఆ నేల సంగతి చెప్పనక్కరలేదు. నేను వెళ్లింది మే రెండో వారంలో. మూడో రోజు ఉదయం మా వ్యాను ఒక వాగు గట్టున కూరుకుపోయింది. చక్రం తిరిగినకొద్దీ బురద పెళ్లలు పెళ్లలుగా లేచి కిటికీ అద్దాలకు అంటుకుంది. డ్రైవరు రేడియోలో పిలిస్తే ఇంకో బండి వచ్చి తాడు కట్టి లాగేసరికి రెండు గంటలు పట్టింది. మమ్మల్ని కిందికి దిగనివ్వలేదు. నడుమెత్తు గడ్డిలో ఏముందో ఎవరికి తెలుసు! టికెట్ చెల్లే పన్నెండు గంటల్లో రెండు అలా పోయాయి.

అదే మే నెలలో క్రూగర్‌లో వానలు వెనకబడి పొడి కాలం మొదలవుతుంది. చెట్ల ఆకులు పలచబడతాయి. చిన్న చిన్న గుంటలు ఎండిపోయి జంతువులు నదుల దగ్గరకు చేరతాయి. నదిని ఆనుకుని సాగే తారు రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తే చాలు, అవే ఎదురవుతాయి.

ఇంకో మాట. ప్యాకేజీ కాగితం మీద మొసళ్ల మధ్య నది దాటుతున్న విల్డెబీస్ట్ అనే పెద్ద జింకల మంద బొమ్మ ఉందేమో చూడండి. ఆ దృశ్యం మారాలో జూలై నుంచి అక్టోబరు మధ్య దొరుకుతుంది. మే నెలలో ఆ మందలు ఇంకా టాంజానియా వైపు సెరెంగెటీలో ఉంటాయి.

సవన్నా:
పదకొండేళ్లుగా నైరోబీలో ఉంటున్నాను. వానల గురించి యాత్రి గారు చెప్పింది నిజమే కానీ పూర్తి నిజం కాదు. మే నెలలో రోజంతా ముసురు పట్టే రోజులు తక్కువ. ఎక్కువగా మధ్యాహ్నం దాటాక గట్టిగా కురిసి ఆగుతుంది, ఉదయాలు కడిగినట్టు ఉంటాయి. విల్డెబీస్ట్ లేకపోయినా మారా సింహాలు ఎక్కడికీ వలసపోవు. ఏనుగులు, చీతాలు, దుమ్ములగొండులు అన్నీ అక్కడే ఉంటాయి. జనం మాత్రం ఉండరు. సెప్టెంబరులో ఒక్క చీతా చుట్టూ పాతిక బండ్లు మూగడం నేను చూశాను. మే నెలలో అదే చీతాను మా కుటుంబం ఒక్కటే అరగంట సేపు చూసింది.

నా అసలు వాదన గైడు గురించి. ఒకసారి మా గైడు ఉన్నట్టుండి ఇంజను ఆపేశాడు. మాకేమీ కనిపించలేదు. వంద గజాల దూరంలో ఇంపాలా జింకలు పది నిలబడి ఉన్నాయి, అన్నిటి తలలూ ఒకే పొద వైపు. ఒకటి ముక్కుతో గట్టిగా చీదినట్టు శబ్దం చేసింది. "చిరుత ఉంది, కదలకండి" అన్నాడు. నాలుగు నిమిషాల తర్వాత పొద వెనక నుంచి తోక కొస కనిపించింది. మీరే కారు నడుపుకుంటూ వెళ్తే ఆ జింకలను ఫోటో తీసుకుని ముందుకు సాగిపోతారు. తొలి సఫారీలో పిల్లలకు అడవిని చదవడం నేర్పే మనిషి పక్కన ఉండాలి. డబ్బు పెట్టేది అందుకే.

పద్దుల పుస్తకం:
అంకెలు లేకుండా ఈ వాదన తేలదు. ప్రవేశ రుసుము ఒక్కటే తీసుకుందాం. మారాలో విదేశీ పెద్దలకు రోజుకు జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200 డాలర్లు. 2024 నుంచి ఇదీ లెక్క. 9 నుంచి 17 ఏళ్ల పిల్లలకు 50. మీ నలుగురికి మే నెలలో రోజుకు 300 డాలర్లు, మూడు రోజులకు 900. డాలరు 90 రూపాయలనుకుంటే 81,000. దసరా సెలవుల్లో వెళ్తే ఆ మూడు రోజులకే 1,35,000. ఇది గేటు దగ్గర కట్టేది మాత్రమే. బస, బండి, తిండి వేరు.

క్రూగర్‌లో విదేశీ పెద్దలకు రోజుకు సుమారు 600 రాండ్లు, పన్నెండేళ్ల లోపు పిల్లలకు అందులో సగం. మీ అమ్మాయిది పెద్దల టికెట్టే. నలుగురికి మూడు రోజులకు 6,300 రాండ్లు, అంటే సుమారు 35,000 రూపాయలు. ఎక్కువ రోజులు ఉండేట్టయితే వైల్డ్ కార్డ్ అనే ఏడాది కార్డు లాభమేమో లెక్క వేసుకోండి.

బయటకు కనిపించని ఖర్చుల్లో పెద్దది బండి. కెన్యాలో గైడుతో సహా బండికి రోజుకు ఇంత అని ఉంటుంది. అది నలుగురికి పంచుకుంటే ఒక రకం, ఆరుగురికైతే ఇంకో రకం. ఇంకో తెలిసిన కుటుంబం కలిస్తే ఖర్చు బాగా దిగుతుంది. తర్వాత టిప్పులు. అక్కడ గైడుకు, బస సిబ్బందికి టిప్పు ఇవ్వడం మర్యాద, దాన్ని ముందే బడ్జెట్లో రాసుకోండి. మూడోది టీసీఎస్ అనే పన్ను. ఇక్కడి ఏజెంటు దగ్గర విదేశీ ప్యాకేజీ కొంటే ఆ పన్ను ముందే పట్టుకుంటారు. రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. బెలూన్ ప్రయాణం జోలికి ఈ బడ్జెట్లో వెళ్లకండి. నలుగురికి కలిపితే ఒక విమానం టికెట్ కన్నా ఎక్కువవుతుంది.

అరణ్యయాత్రి:
గైడు విషయంలో సవన్నా గారితో నాకు పేచీ లేదు. కానీ గైడు కావాలంటే కెన్యాకే వెళ్లాలా? క్రూగర్ శిబిరాల్లో పార్కువాళ్లే పక్కలు తెరిచి ఉన్న పెద్ద బండిలో తెల్లవారుజామున, సాయంత్రం తిప్పుతారు. ఆరేళ్లు దాటిన పిల్లలను ఎక్కనిస్తారు. చీకటి పడ్డాక లైట్లు వేసి చూపిస్తారు, అది సొంత కారులో కుదరదు. రెండు రోజులు అలా వెళ్లి, మిగతా రోజులు మన కారులో తిరగవచ్చు.

మన కారులో ఉన్న సుఖం పిల్లలున్నవారికే తెలుస్తుంది. లోయర్ సబీ శిబిరం దారిలో ఒక ఆడ ఏనుగు, దాని పిల్ల రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాయి. ఇంజను ఆపేశాను. ఆ పిల్ల తొండంతో తారు మీద రాలిన కాయలు ఏరుకోవాలని చూస్తోంది. తొండం ఇంకా దాని మాట వినడం లేదు. ఒక కాయ మూడుసార్లు జారిపోయింది. మా అబ్బాయి ఊపిరి బిగబట్టి, నాలుగోసారి అది నోట్లో పెట్టుకోగానే నా భుజం గిల్లాడు. నలభై నిమిషాలు అక్కడే ఉన్నాం. పక్క సీటులో ఎవరూ "ఇక పదండి, సింహం చూడాలి" అనలేదు.

సవన్నా:
ఆ నలభై నిమిషాలు బాగున్నాయి. ఒప్పుకుంటాను. కానీ మనం ఇచ్చే డబ్బు ఎవరికి చేరుతుందో కూడా చూడాలి. మారా రిజర్వును ఆనుకుని నబోయిషో, ఓలారే మోటోరోగి, మారా నార్త్ వంటి కన్సర్వెన్సీలు ఉన్నాయి. ఆ భూమి మసాయి కుటుంబాలది. పర్యాటక సంస్థలు కౌలు కడతాయి. పశువులు మేపే నేలను జంతువులకు వదిలినందుకు ఆ ఇళ్లకు నెలనెలా డబ్బు వస్తుంది. బండ్ల సంఖ్యకు పరిమితి ఉంటుంది, గైడుతో నడిచి వెళ్లవచ్చు. మేలో అక్కడి బసల ధరలు కూడా దిగుతాయి. రెండు రాత్రులైనా కన్సర్వెన్సీలో ఉండమని నా సలహా.

పద్దుల పుస్తకం:
దిగినా ఎనిమిది లక్షల బడ్జెట్లో నలుగురికి కన్సర్వెన్సీ బస కష్టం. అక్కడ మనిషికి రాత్రికి ఇంత అని ధర కడతారు, గదికి కాదు. పదేళ్ల అబ్బాయికి కొంత తగ్గుతుంది, అమ్మాయి విషయంలో వయసు పరిమితి అడిగి చూసుకోవాలి. క్రూగర్ శిబిరాల్లో కుటీరానికి ధర. వంటగది కూడా ఉంటుంది.

భూమి సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. క్రూగర్ ఉత్తర కొసన మకులేకే ప్రజలను 1969లో ఊళ్లతో సహా ఖాళీ చేయించి ఆ నేలను పార్కులో కలిపారు. 1998లో భూమి హక్కు వాళ్లకు తిరిగి వచ్చింది. వాళ్లు దాన్ని అడవిగానే ఉంచి, అక్కడి బసల మీద ఆదాయం తీసుకుంటున్నారు. కాబట్టి స్థానికులకు చేరే డబ్బు కెన్యాలోనే ఉందనడం సరికాదు.

డర్బన్ గాలి:
డర్బన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఆచరణలో వచ్చే ఇబ్బందులు కొన్ని చెబుతాను.

దక్షిణాఫ్రికాకు మనవాళ్లకు వీసా కావాలి. కాగితాలు ఎక్కువ, సమయం పడుతుంది. పిల్లల జనన ధ్రువపత్రాల్లో తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉండాలి. వీసా చేతికి రాకముందు డబ్బు వెనక్కి రాని టికెట్లు కొనవద్దు. కెన్యాకైతే ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకుంటే సరిపోతుంది. కానీ కెన్యా నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం లేకపోతే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌కు పంపుతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎంలో వేస్తారు. ఇథియోపియాలోని ఆడిస్ అబాబా మీదుగా దక్షిణాఫ్రికా వచ్చేవారు అక్కడ పన్నెండు గంటలకు మించి ఆగితే ఇక్కడా అదే పత్రం అడుగుతారు.

కారు ఎడమవైపు నడపాలి, మన అలవాటే. జొహానెస్‌బర్గ్ నుంచి క్రూగర్‌కు నాలుగైదు వందల కిలోమీటర్లు. పగలే బయలుదేరి పగలే చేరండి, రాత్రి ఆ దారిలో వద్దు. కారు అద్దె సంస్థ డ్రైవరు పేరు మీదే ఉన్న క్రెడిట్ కార్డు అడుగుతుంది, డిపాజిట్ కింద పెద్ద మొత్తం ఆపి ఉంచుతుంది. ఆ కార్డులో పరిమితి మిగలకపోతే కౌంటరు దగ్గరే యాత్ర ఆగుతుంది. పార్కులో తారు రోడ్డు మీద వేగం 50 దాటకూడదు. మేలో శిబిరం గేటు ఉదయం ఆరుకు తీసి సాయంత్రం ఐదున్నరకు మూసేస్తారు. ఆలస్యమైతే జరిమానా.

క్రూగర్‌లోనూ మారాలోనూ మలేరియా ఉంది. డాక్టరును అడిగి మాత్రలు తెచ్చుకోండి. వద్దనుకుంటే జొహానెస్‌బర్గ్‌కు రెండున్నర గంటల దూరంలో పిలానెస్‌బర్గ్ ఉంది, అక్కడ మలేరియా లేదు. పార్కు చిన్నది, కానీ తొలిసారికి తక్కువేమీ కాదు.

ఎవరూ చెప్పని ఒక చోటు హ్లుహ్లువే-ఇంఫోలోజీ. డర్బన్ నుంచి మూడు గంటలు. 1895లో ప్రకటించిన అభయారణ్యం. దక్షిణాది తెల్ల ఖడ్గమృగం దాదాపు అంతరించే దశలో మిగిలింది ఇక్కడే. 1960లలో ఇక్కడి నుంచే వాటిని వేరే పార్కులకు తరలించి జాతిని నిలబెట్టారు. క్రూగర్‌కు వాటిని తెచ్చింది కూడా ఇక్కడి నుంచే. పైగా డర్బన్‌లో చింతపండు నుంచి కరివేపాకు దాకా దొరకనిది లేదు. 1860 నుంచి చెరకు తోటలకు కూలీలుగా వచ్చిన మనవాళ్ల మనవలు ఇప్పటికీ ఇక్కడ ఉన్నారు. ఆంధ్ర మహాసభ 1931 నుంచి ఉంది.

గోదారి గట్టు:
నాదో భిన్నమైన మాట. ఎనిమిది లక్షలు మూడేళ్ల కష్టం. సెలవుల కోసం తప్పు కాలంలో వెళ్లడం కన్నా, బడికి పది రోజులు సెలవు పెట్టించి ఫిబ్రవరిలో టాంజానియా వెళ్లండి. దక్షిణ సెరెంగెటీలో, ఎన్‌డుటు వైపు విల్డెబీస్ట్ ఈనే కాలం అది. పుట్టిన దూడ నిమిషాల్లో లేచి తల్లి వెంట పరుగెత్తడం చూశాను. ఖర్చు ఎక్కువే. ఎన్‌గోరోన్‌గోరో అనే అగ్నిపర్వత బిలంలోకి దిగడానికి ఒక్కో బండికే పన్నుతో కలిపి 295 డాలర్లు. అయినా ఆ దూడను చూశాక లెక్క అడగాలనిపించలేదు.

పద్దుల పుస్తకం:
పద్నాలుగేళ్ల అమ్మాయికి ఫిబ్రవరిలో పది రోజులు, అదీ పరీక్షల ముందు? మీరు చూసింది గొప్పదే, కానీ ఈ కుటుంబానికి అది దారి కాదు.

కృష్ణాతీరం:
అందరికీ ధన్యవాదాలు. ఈ చర్చ రాత్రి భోజనాల దగ్గర చదివి వినిపించాను. నల్లరేగడి మాటకు మా నాన్నగారు తల ఊపారు, ఆయన పత్తి రైతు. మా ఆవిడ మాత్రం ఇంపాలాల దగ్గర ఆగిపోయింది. గైడు లేని రోజులు రెండుకు మించకూడదని షరతు పెట్టింది. అలాగైతే క్రూగర్‌కు ఒప్పుకుంటానంది.

ఐదు రాత్రులు క్రూగర్‌లో అనుకుంటున్నాం. మూడు రోజులు పార్కువాళ్ల బండిలో, రెండు రోజులు మా కారులో. మిగిలిన రోజుల్లో డర్బన్ వైపు వెళ్లడమా, పిలానెస్‌బర్గా అన్నది తేలలేదు. ఐదు రాత్రులూ ఒకే శిబిరంలో ఉండాలా, మధ్యలో ఇంకో శిబిరానికి మారాలా?

డర్బన్ గాలి:
మారండి. రెండు రాత్రులు లోయర్ సబీ, మూడు సటారా. మొదటిది నది ఒడ్డున ఉంటుంది. రెండోది గడ్డి మైదానాల నడుమ, సింహాలకు అదే మంచి చోటు. బుకింగులు పదకొండు నెలల ముందే తెరుస్తారు. నది కనిపించే కుటీరాలు ముందు అయిపోతాయి కాబట్టి ఈ వారమే చూడండి. స్వెటర్లు మరిచిపోవద్దు. మే నెలలో తెల్లవారుజామున పక్కలు తెరిచి ఉన్న బండిలో గాలి చెవులు కోస్తుంది.

సవన్నా:
వెళ్లి రండి. ఇంపాలాలు అన్నీ ఒకే వైపు చూస్తుంటే మాత్రం కారు ఆపండి.